విమానంలో రద్దీ, గాలి నాణ్యత: మన ప్రయాణికులు తెలుసుకొనదగిన విషయాలు

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు విమానయానం ఇప్పుడు కొత్త విషయం కాదు. కువైట్, దుబాయి, సింగపూర్‌లలో పనిచేసే బిడ్డలను చూడడానికీ, అమెరికాలో ఉన్న కుమార్తె పురిటికి సాయపడడానికీ అరవై, డెబ్బై ఏండ్ల పెద్దలు మీనంబాకంలో విమానమెక్కుతున్నారు. బయలుదేరే ముందు వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. "అంతమందిని కిటికీ తెరవని డబ్బాలో కూర్చోబెడితే ఊపిరి ఎట్లా ఆడుతుంది? పక్కవాడి దగ్గు మనకు అంటుకోదా?"

ఈ భయంలో కొంత నిజమున్నది, కొంత అపోహ ఉన్నది. ఎగురుతున్న విమానంలోని గాలి మనం అనుకొన్నంత చెడ్డది కాదు. గాలి చెడేది ఎక్కువగా విమానం నేలమీద నిలిచి ఉన్నప్పుడు. ఆకాశంలో గాలి శుభ్రంగానే ఉంటుంది గాని పలుచగా, పొడిగా ఉంటుంది. ఆరోగ్యవంతులకు దీనివలన పెద్ద ఇబ్బంది లేదు. గుండె జబ్బు, ఉబ్బసం, రక్తహీనత గలవారికి మాత్రం ఉన్నది. ఈ తేడా తెలియక మన పెద్దలు అక్కరలేని దానికి భయపడి, వైద్యుని అడగవలసిన ప్రశ్నను అడగకుండానే ప్రయాణమవుతున్నారు. అందుకే ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాము.

రద్దీ అనగా ఏమి?

తిరుత్తణి నుండి చెన్నైకి పోయే లోకల్ రైలులో రద్దీ అంటే నిలువుకాళ్ళ ప్రయాణం, తలుపు వద్ద వేలాడడం. విమానంలో అట్టి రద్దీ ఉండదు. టేకాఫ్, ల్యాండింగ్ సమయాలలో ప్రతి ప్రయాణికుడూ సీటులో బెల్టు పెట్టుకొని కూర్చొనవలెను. రెండేండ్లు నిండని పసివారిని మాత్రం ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చును. కాబట్టి సీట్ల సంఖ్యకు మించి ఎక్కించడమన్నది జరగదు.

అయితే సీట్లనే దగ్గర దగ్గరగా అమర్చడం ఉన్నది. మన దేశంలో విరివిగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 రకం విమానంలో చౌక టిక్కెట్ల సంస్థలు 180 లేక 186 సీట్లు వేస్తాయి. అదే విమానంలో ఖరీదైన తరగతి కూడా ఉంటే 150, 160 సీట్లే పడతాయి. ముందు సీటుకూ మన సీటుకూ మధ్య దూరం సాధారణంగా 28 నుండి 32 అంగుళాలు. సీటు వెడల్పు 17, 18 అంగుళాలు.

సీట్లు ఎన్ని వేయవచ్చునన్న దానికి ఒక హద్దు కలదు. ప్రమాద సమయంలో సగం తలుపులు మాత్రమే తెరుచుకొన్నప్పటికీ, అందరూ 90 సెకన్లలో బయటపడగలరని తయారీదారు నిరూపించవలెను. అతి పెద్దదైన ఎ380 విమానానికి 2006 మార్చిలో ఈ పరీక్ష జరిగినప్పుడు 873 మంది 78 సెకన్లలో బయటికి వచ్చారు.

గాలికి కూడా తలసరి లెక్క ఉన్నది. అమెరికా నిబంధన ప్రకారం విమానంలోని ప్రతి మనిషికీ నిమిషానికి కనీసం 0.55 పౌను, అనగా సుమారు 250 గ్రాముల తాజా గాలి అందేటట్లు విమానాన్ని తయారుచేయవలెను. బొగ్గుపులుసు వాయువు పది లక్షల భాగాలలో 5,000 భాగాలకు మించరాదు. ఎగురుతున్న విమానాలలో ఇది సాధారణంగా 1,000 నుండి 2,000 భాగాల మధ్య ఉంటుంది. బయటి గాలిలో ఇది 420 భాగాల పైచిలుకు. పిల్లలు నిండుగా కూర్చొన్న తరగతి గది కిటికీలన్నీ మూసివేస్తే ఆ గదిలోని గాలి కూడా విమానపు గాలికి ఇంచుమించు సమానమవుతుంది. తలనొప్పి, మందకొడితనం కొందరికి కలుగవచ్చును గాని ఊపిరాడకపోవడం జరగదు.

గాలి ఎక్కడ నుండి వస్తుంది?

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగిరేటప్పుడు బయటి వేడిమి సున్నాకు దిగువన 50 డిగ్రీలకు పైగా ఉంటుంది. గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగవ వంతు మాత్రమే. ఆ గాలిని నేరుగా పీల్చి మనిషి బ్రతకలేడు. కాబట్టి ఇంజను లోపలికి లాగుకొన్న గాలి నుండి, ఇంధనంతో కలియక ముందే కొంత భాగాన్ని మళ్ళించి, దానిని చల్లార్చి క్యాబిన్‌లోనికి పంపుతారు. బోయింగ్ 787 రకంలో మాత్రం ఇంజనుతో సంబంధం లేకుండా విద్యుత్ యంత్రాలే బయటి గాలిని అదిమి పంపుతాయి. ఎయిర్ ఇండియాకు ఈ రకం విమానాలు 2012 నుండి ఉన్నాయి.

తొలితరం జెట్ విమానాలలో పూర్తిగా బయటి గాలినే వాడేవారు. ఇంధనం ధర పెరిగిన తరువాత వచ్చిన విమానాలలో సగం బయటి గాలి, సగం క్యాబిన్‌లోని గాలినే వడగట్టి తిరిగి వాడడం మొదలయింది. "వాడిన గాలినే మళ్ళీ పీల్పిస్తారు" అనే మాట ఇక్కడి నుండి పుట్టినదే. ఆ వడగట్టే సాధనం పేరు హెపా ఫిల్టర్. ఆసుపత్రులలోని ఆపరేషన్ గదులలో వాడే రకం ఇదే. మైక్రానులో మూడు పదవ వంతులున్న అతి సూక్ష్మమైన కణాలను సైతం నూటికి 99.97 వంతులు ఇది పట్టివేస్తుంది. సూక్ష్మక్రిములు, తుంపరలు దీనిని దాటి పోవడం మిక్కిలి అరుదు. చిన్న విమానాలలో కొన్నిటికి ఈ ఫిల్టరు ఉండకపోవచ్చును.

క్యాబిన్‌లోని గాలి గంటకు 20 నుండి 30 పర్యాయాలు మారుతుంది. అనగా రెండు మూడు నిమిషాలకు ఒకసారి. గాలి పైకప్పు నుండి దిగి, అదే వరుసలో కాళ్ళ దగ్గరి సందుల గుండా పోతుంది. విమానం ముందు భాగం నుండి వెనుకకు పారదు. అందువలన పదవ వరుసలో దగ్గినవాని తుంపరలు ముప్ఫైయవ వరుసకు గాలిలో కొట్టుకొని పోవు. మన వరుస, ముందు వెనుకల రెండు మూడు వరుసలే మనకు ముఖ్యం.

విమానాలలో పొగతాగడం కూడా ఒకప్పటి మాట. అంతర్జాతీయ విమానాలను 1996 జూలై నాటికి పొగ లేనివిగా చేయాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1992లోనే దేశాలను కోరింది. సిగరెట్టు పొగతో పోల్చితే నేటి క్యాబిన్ గాలి ఎంతో మేలు.

ఊటీ కొండ మీద కూర్చొన్నట్లు

క్యాబిన్‌లో పీడనం పెంచినా దానిని నేలమీద ఉన్నంతగా పెంచరు. అట్లా పెంచితే విమానపు ఒడలు ఆ ఒత్తిడికి తట్టుకొనేంత బరువుగా తయారుచేయవలసి వస్తుంది. కాబట్టి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తున ఉండే పీడనాన్ని లోపల నిలుపుతారు. 8,000 అడుగులు దాటరాదన్నది నియమం. 787, ఎ350 రకాలలో 6,000 అడుగులే.

ఈ ఎత్తును మనకు తెలిసిన కొండలతో పోల్చుకోవచ్చును. తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. హార్స్‌లీ కొండలు 4,000 అడుగుల పైచిలుకు. ఊటీ సుమారు 7,350 అడుగులు. తిరువళ్ళూరు జిల్లా పల్లపు భూమిలో పుట్టి పెరిగిన పెద్దమనిషిని అరగంటలో ఊటీ కొండ మీద కూర్చోబెట్టినట్లు విమానం చేస్తుందన్నమాట. ఘాటు రోడ్డులో పోతే శరీరం సర్దుకోవడానికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. ఇక్కడ అది లేదు.

8,000 అడుగుల వద్ద మనకు అందే ప్రాణవాయువు నేలమీద అందేదానిలో సుమారు నాలుగింట మూడు వంతులు. ఆరోగ్యవంతుని రక్తంలో ప్రాణవాయువు కొద్దిగా తగ్గుతుంది, అతనికి తెలియను కూడా తెలియదు. కాని నేలమీదనే ఆయాసపడేవారికి, పెదవులు నీలిబారేవారికి, గుండెనొప్పి వచ్చేవారికి ఈ తగ్గుదల ప్రమాదకరం కావచ్చును.

పీడనం తగ్గితే శరీరంలో చిక్కుకొన్న వాయువు సుమారు మూడవ వంతు వ్యాకోచిస్తుంది. చెవిపోటు, కడుపుబ్బరం దీనివల్లనే. కొత్తగా పొట్ట ఆపరేషను జరిగినవారికి, కంటిలో వాయువు నింపి చికిత్స చేసినవారికి ఇది కుట్లకూ చూపుకూ ముప్పు తెస్తుంది. చెన్నైలో కంటి ఆపరేషను చేయించుకొన్నవారు "నా కంటిలో వాయువు పెట్టారా, విమానమెక్కవచ్చునా" అని తప్పక అడిగి తెలుసుకోవలెను.

ఇక పొడిదనం. క్యాబిన్ గాలిలో తేమ 10 నుండి 20 శాతం మాత్రమే. సముద్రపు గాలికి అలవాటుపడిన మనకు ఇది చాలా తక్కువ. గొంతు ఆరిపోవడం, కండ్లు మండడం, ముక్కులో పక్కు కట్టడం దీనివలన కలిగేవే. చాలామంది దీనినే "విమానంలో జలుబు అంటుకొన్నది" అని పొరబడతారు.

గాలి నిజంగా చెడేది ఎప్పుడు?

విమానం తలుపులు మూసి నేలమీద నిలిచినప్పుడు పెద్ద ఇంజనులు నడవవు. అప్పుడు తోకలోని చిన్న ఇంజను గాని, విమానాశ్రయపు గాలి గొట్టం గాని లోపలికి గాలిని అందించవలెను. అవి రెండూ లేనప్పుడు, లేదా ఎండకు చాలనప్పుడు, నిండిన క్యాబిన్ నిజంగానే మూసిన డబ్బా అవుతుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1977లో అమెరికాలోని అలాస్కాలో జరిగినది. 54 మంది ఉన్న ఒక జెట్ విమానం ఇంజను చెడి మూడు గంటలు నేలమీద నిలిచిపోయింది. ఆ సమయంలో గాలి యంత్రం పనిచేయలేదు. ప్రయాణికులలో ఒకరికి ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఉన్నది. మూడు రోజులలో నూటికి 72 మందికి దగ్గు, జ్వరం వచ్చాయి. లోపల ఎక్కువసేపు కూర్చొన్నవారిలోనే ఎక్కువమందికి వచ్చాయి. పరిశోధకులు దీనిని 1979లో ప్రకటించారు. నేటికీ ఈ విషయం మీద వ్రాసేవారందరూ దీనినే ముందుగా పేర్కొంటారు.

ఈ వ్యాసకర్తకు కూడా ఇట్టి అనుభవం కలదు. కొన్నేండ్ల క్రిందట మే నెలలో, ఉబ్బసం ఉన్న మా అమ్మగారిని తమ్ముని వద్దకు సింగపూర్ తీసుకొనిపోతున్నాను. అందరూ ఎక్కిన తరువాత విమానం గంటకు పైగా కదలలేదు. తల మీది గొట్టాల నుండి గాలి రావడం ఇంచుమించు ఆగిపోయింది. చంటిబిడ్డలు ఏడుస్తున్నారు. అమ్మ కొంగుతో విసురుకొంటూ, "అబ్బాయీ, ఇక్కడే ఇట్లా ఉంటే పైన ఎట్లారా?" అన్నది. ఊపిరి మందు పెట్టిన సంచిని నేను పెద్ద పెట్టెలో వేసి పంపివేశాను. అది నా తప్పు. విమానం బయలుదేరి పైకి లేచిన పది నిమిషాలకు చల్లని గాలి వచ్చి ఆమె తేరుకొన్నది. ఆ గంటసేపు ఆ మందు చేతిలో లేకపోవడం ఎంతటి పొరపాటో నాకు అర్థమయింది.

అట్టి సమయంలో మౌనంగా ఉండరాదు. పిలుపు మీట నొక్కి, ఆయాసపడుతున్న పెద్దవారు ఉన్నారని సిబ్బందికి చెప్పవలెను. చాలాసేపు ఆలస్యమైతే ఎక్కిన ప్రయాణికులను తిరిగి దింపి విమానాశ్రయం నుండి బయటికి పంపడానికి వీలు కల్పిస్తూ పౌర విమానయాన భద్రతా సంస్థ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చినది.

అంటువ్యాధులు, నడిమి సీటు వివాదం

ఫిల్టరు ఎంత మంచిదైనా పక్క సీటులోని మనిషి తుంపర మనలను చేరిన తరువాతనే ఫిల్టరును చేరుతుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుండి బీజింగ్ పోయిన ఎయిర్ చైనా విమానంలో సార్స్ రోగి ఒకరు ఉన్నారు. మూడు గంటల ప్రయాణం. అందులోని 120 మందిలో 22 మందికి వ్యాధి సోకినట్లు తేలినది. వారిలో కొందరు రోగికి అనేక వరుసల దూరంలో కూర్చొన్నవారు. కాబట్టి "రెండు వరుసలు దాటితే భయం లేదు" అన్నది సాధారణ సూత్రమే గాని అభయహస్తం కాదు.

కోవిడ్ కాలంలో ఈ ప్రశ్న మన న్యాయస్థానాల వరకు పోయినది. 2020 మే 7 నుండి వందే భారత్ పేరుతో విదేశాలలోని మనవారిని తీసుకొనివచ్చిన విమానాలలో నడిమి సీట్లను కూడా నింపుతున్నారనీ, అది మార్చిలో ఇచ్చిన ఆదేశానికి విరుద్ధమనీ ఎయిర్ ఇండియా పైలట్ ఒకరు బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. విషయం సుప్రీంకోర్టుకు చేరగా, అప్పటికే టిక్కెట్లు ఇచ్చినందున జూన్ 6 వరకు మాత్రమే నడిమి సీట్లు నింపవచ్చునని మే 25న ఆ కోర్టు అనుమతించినది. జూన్ 1న విమానయాన నియంత్రణ సంస్థ, వీలైనంత వరకు నడిమి సీటు ఖాళీగా ఉంచవలెననీ, తప్పనిసరి అయితే అందులో కూర్చొన్నవారికి ముసుగుతో పాటు ఒళ్ళంతా కప్పే గౌను ఇవ్వవలెననీ ఆదేశించినది. నిపుణుల అభిప్రాయం విన్న తరువాత జూన్ 15న హైకోర్టు నడిమి సీట్లు నింపడానికి సమ్మతించినది. విమానాలలో ముసుగు తప్పనిసరి అన్న నియమం 2022 నవంబరులో తొలగినది. నేడు ముసుగు మన ఇష్టం. పెద్దలు, గర్భిణులు, మధుమేహం గలవారు రద్దీలో పెట్టుకొంటే మంచిదే.

క్షయ గురించి ఒక మాట. అంటే దశలో ఉన్న క్షయరోగి విమానమెక్కరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఎనిమిది గంటలు, అంతకు మించిన ప్రయాణంలో అట్టి రోగి ఉన్నట్లు తెలిస్తే, అతని వరుసలోనూ ముందు వెనుకల రెండేసి వరుసలలోనూ కూర్చొన్నవారిని వెదకి పరీక్షించవలెనన్నది దాని సూచన. మందులు క్రమంగా వాడి, వైద్యుడు అనుమతించిన తరువాతనే ప్రయాణం.

గాలి యంత్రం విఫలమైతే

ఇది మిక్కిలి అరుదు. 2018 సెప్టెంబరు 20న ముంబయి నుండి జయపూర్ బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో పీడనానికి సంబంధించిన మీటను సిబ్బంది వేయలేదు. 166 మంది ప్రయాణికులలో సుమారు 30 మందికి ముక్కు, చెవుల నుండి రక్తం వచ్చినది. విమానం ముంబయికే తిరిగి వచ్చి క్షేమంగా దిగినది. 2005 ఆగస్టు 14న గ్రీసు దేశంలో హీలియస్ విమానం ఇట్టి లోపం వల్లనే కూలి 121 మంది మరణించారు.

పీడనం తగ్గితే పైనుండి ముసుగులు వ్రేలాడుతాయి. ముందు మనం పెట్టుకొని, తరువాతనే బిడ్డకు పెట్టవలెను. తల్లి మనసుకు ఇది కష్టంగా తోచవచ్చును. కాని ఆ ఎత్తున ప్రాణవాయువు లేకపోతే నిమిషంలోపే తెలివి తప్పుతుంది. తెలివి తప్పిన తల్లి బిడ్డను కాపాడలేదు.

ముందుగా వైద్యుని అడగవలసినవారు

1. ఇటీవల గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, విశ్రాంతిలో ఉన్నా గుండెనొప్పి వచ్చేవారు.
2. తీవ్రమైన ఉబ్బసం, ఊపిరితిత్తుల వ్యాధి గలవారు.
3. రక్తహీనులు. హీమోగ్లోబిన్ 7.5 కంటె తక్కువ ఉన్నవారు వైద్యుని చూడకుండా ఎక్కరాదు. మన స్త్రీలు ఈ పరీక్షను ముందే చేయించుకొనుట మేలు.
4. ఇటీవల పొట్ట, ఛాతీ, కంటి ఆపరేషను జరిగినవారు, రెండు రోజులలోపు పిండికట్టు వేయించుకొన్నవారు.
5. గర్భిణులు. 28 వారాలు దాటితే వైద్యుని పత్రం దగ్గర ఉంచుకోవలెను. 36 వారాల తరువాత, కవలలైతే 32 వారాల తరువాత ప్రయాణం కూడదు.
6. పుట్టి రెండు రోజులు కూడా కాని శిశువులు. చాలా సంస్థలు వారం నిండినవారినే అనుమతిస్తాయి.

ఇంటివద్ద చూసుకొనదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. సమతలంపై 50 మీటర్లు మామూలు నడకన నడిచి, పది పన్నెండు మెట్లు ఎక్కినప్పుడు ఆయాసం రాకూడదు. తిరుత్తణి స్వామి కొండకు 365 మెట్లు. అన్నీ ఎక్కనక్కరలేదు, మొదటి పన్నెండు చాలు. అక్కడే రొప్పు వస్తే ముందు వైద్యుని వద్దకు పోవలెను. ఈ పరీక్ష వైద్య సలహాకు బదులు కాదు.

విమానంలో ప్రాణవాయువు అవసరమైనవారు సొంత సిలిండరు తీసుకొనిపోరాదు. టిక్కెట్టు కొన్నప్పుడే సంస్థకు తెలిపి, వారిచ్చే వైద్య పత్రాన్ని డాక్టరు చేత నింపించి పంపవలెను.

ప్రయాణంలో పాటించదగినవి

ఊపిరి మందు, గుండె మాత్రలు చేతిసంచిలోనే ఉండవలెను. వ్యాధి పేరు, మందుల పేర్లు ఆంగ్లంలో వ్రాసిన చీటీ పెద్దల జేబులో పెట్టండి. సిబ్బందికి తెలుగు, తమిళం రాకపోవచ్చును.

తలమీది గాలి గొట్టాన్ని పూర్తిగా మూయక, ముఖం ముందుగా క్రిందికి తిప్పి మధ్యస్థంగా తెరచి ఉంచండి. పక్కవారు దగ్గుతుంటే, ఖాళీ సీటు ఉన్నదేమో మర్యాదగా అడగండి. నీరు కొద్దికొద్దిగా తరచు త్రాగండి. మద్యం వద్దు. ఎక్కేముందు కూల్‌డ్రింకులు, కడుపుబ్బరం చేసే పప్పులు తగ్గించండి. విమానం దిగేటప్పుడు చంటిబిడ్డకు పాలివ్వండి, మ్రింగడం వలన చెవిపోటు తగ్గుతుంది.

ఇరుకు సీటులో కదలక కూర్చొంటే కాలి నరాలలో రక్తం గడ్డకట్టవచ్చును. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో ఈ అపాయం సుమారు రెండింతలవుతుందనీ, అయినా ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే వస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. దుబాయి, సింగపూర్ ప్రయాణాలు నాలుగు గంటలకు అటూ ఇటూ. అమెరికా ప్రయాణం ఒక రోజు పని. గంటకొకసారి లేచి నడవండి, కూర్చొనే మడమలు ఆడించండి. దిగిన తరువాత ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవలెను.

టిక్కెట్టు, వీసా, కస్టమ్స్ గురించి పది మందిని అడిగి తెలుసుకొంటాము. పెద్దవారి ఊపిరి గురించి కూడా ఒక్కసారి వైద్యుని అడిగితే, బిడ్డల ముఖం చూడడానికి పోయే ఆ ప్రయాణం సుఖంగా సాగుతుంది.